ఫ్రిట్జ్ ఫైగల్

ఫ్రిట్జ్ ఫైగల్ (1891 మే 15 - 1971 జనవరి 23) ఆస్ట్రియాలో జన్మించి, బ్రెజిల్‌లో స్థిరపడిన సుప్రసిద్ధ రసాయన శాస్త్రవేత్త. ఒకటి రెండు చుక్కల ద్రావణముతో, వడపోత కాగితము మీద గాని పింగాణీ పలక మీద గాని పుట్టే రంగును బట్టి లోహములను, ఇతర పదార్థములను గుర్తించే బిందు విశ్లేషణ పద్ధతిని ఒక శాస్త్రముగా తీర్చిదిద్దినవాడు ఇతడే. దీనినే స్పాట్ టెస్ట్ అని కూడా అంటారు. అతి స్వల్ప పరిమాణములో ఉన్న లోహములను రంగుల ద్వారా పట్టుకొనే విద్యకు ఇతని రచనలు చాలాకాలము ప్రామాణిక గ్రంథములుగా ఉండినవి. ఖనిజములు, మిశ్రలోహములు, ఔషధములు, ఆహారపదార్థములు, తాగునీరు, నేర పరిశోధన మొదలైన అనేక రంగములలో ఈ పద్ధతి వాడుకలోకి వచ్చింది. అణు ఇంధనముగా వాడే యురేనియం సమ్మేళనములలోని లోహ మలినములను రంగుల ద్వారా కొలిచే పద్ధతులు కూడా ఇతడు విశదీకరించిన సూత్రముల మీదనే ఆధారపడి ఉన్నాయి.

బాల్యము, విద్యాభ్యాసము

ఫైగల్ ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యపు రాజధాని అయిన వియన్నా నగరములో ఒక యూదు కుటుంబములో 1891 మే 15న జన్మించాడు. వియన్నా సాంకేతిక విద్యాలయములో రసాయన ఇంజనీరింగు చదివి, 1914లో పట్టభద్రుడయ్యాడు. అదే సంవత్సరము మొదటి ప్రపంచ యుద్ధము మొదలైనది. ఫైగల్ ఆస్ట్రియా సైన్యములో పనిచేశాడు. యుద్ధము ముగిసేనాటికి సామ్రాజ్యము విచ్ఛిన్నమై, వియన్నా ఒక చిన్న గణతంత్ర దేశానికి రాజధానిగా మిగిలింది. యుద్ధానంతరము ఫైగల్ వియన్నా విశ్వవిద్యాలయములో చేరి, 1920లో డాక్టరేటు పట్టము పొందాడు. గుణాత్మక విశ్లేషణలో బిందు చర్యల వినియోగము అనునది ఇతని పరిశోధనాంశము. ఆనాడు ఎంచుకున్న ఈ విషయమునే ఇతడు జీవితాంతము విడువలేదు.

ఆ కాలములో ఆస్ట్రియా సూక్ష్మ రసాయన విశ్లేషణకు పుట్టినిల్లుగా ఉండేది. గ్రాజ్ నగరములో ఫ్రెడరిక్ ఎమిక్ అతి తక్కువ పదార్థముతో విశ్లేషణ చేసే విధానములను అభివృద్ధి చేశాడు. అదే నగరములో ఫ్రిట్జ్ ప్రెగల్ కొద్ది మిల్లీగ్రాముల సేంద్రియ పదార్థములోని కార్బన్, హైడ్రోజన్ల పాళ్ళను కనుగొనే పద్ధతిని రూపొందించి, 1923లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. వారి పద్ధతులకు సున్నితమైన త్రాసులు, సూక్ష్మదర్శినులు, ప్రత్యేకమైన గాజు సామాను అవసరము. ఫైగల్ ఎంచుకున్న మార్గము దీనికి భిన్నమైనది. ఒక కాగితపు ముక్క, ఒక గాజు కడ్డీ, సరియైన కారకము ఉంటే చాలునని ఇతడు నిరూపించదలచాడు.

పూర్వ చరిత్ర

రంగును బట్టి లోహమును గుర్తించడము ఫైగల్‌తో మొదలు కాలేదు. రాగి చిలుములో అన్నభేదిని కల్తీ చేస్తే, మాచికాయ కషాయములో నానబెట్టిన పాపిరస్ ముక్కతో ఆ మోసమును పట్టుకోవచ్చునని రోమన్ రచయిత ప్లీనీ క్రీ.శ. మొదటి శతాబ్దములోనే వ్రాశాడు. అన్నభేదిలోని ఇనుము మాచికాయలోని టానిన్లతో కలిసి నల్లబడుతుంది. 19వ శతాబ్దము మధ్యలో జర్మన్ రసాయనికుడు రుంగె వడపోత కాగితము మీద ద్రావణముల చుక్కలు వేసి, అవి వలయాలు వలయాలుగా వ్యాపించే తీరును చూపించాడు. 1859లో హ్యూగో షిఫ్ వెండి కార్బొనేటు పూసిన కాగితము మీద యూరిక్ ఆమ్లమును గుర్తించాడు. 1905లో రష్యన్ శాస్త్రవేత్త చుగాయెవ్ డైమిథైల్ గ్లయాక్సైమ్ అనే సేంద్రియ పదార్థము నికెల్‌తో ఎర్రని అవక్షేపమును ఇస్తుందని కనుగొన్నాడు.

అయితే ఇవన్నీ విడివిడి పరిశీలనలుగానే ఉండిపోయాయి. ఏ చర్య ఎంత స్వల్ప పరిమాణము వరకు పనిచేస్తుంది, పక్కన వేరొక లోహముంటే ఏమవుతుంది, ఒక కారకము ఒక లోహమునే ఎందుకు పట్టుకుంటుంది అనే ప్రశ్నలకు క్రమబద్ధమైన సమాధానము లేదు. ఆ సమాధానమును వెదకడమే ఫైగల్ చేసిన ముఖ్యమైన కృషి.

వియన్నాలో పరిశోధనలు

ఫైగల్ వియన్నా విశ్వవిద్యాలయములో బోధన, పరిశోధన కొనసాగించి, తరువాత ఆచార్యుడయ్యాడు. ఈ కాలములో ఇతని పరిశోధన ప్రధానముగా మూడు దిశలలో సాగింది.

మొదటిది, కాగితము చేసే పని. వడపోత కాగితము మీద ఒక చుక్క వేసినప్పుడు కేశనాళిక చర్య వలన ద్రవము చుట్టూ వ్యాపిస్తుంది. కరగని అవక్షేపము మాత్రము మధ్యలో ఒక చిన్న మచ్చగా నిలిచిపోతుంది. పరీక్షనాళికలో అయితే చెల్లాచెదురై కంటికి కనిపించని రంగు, కాగితము మీద ఒకచోట చేరడము వలన స్పష్టముగా కనిపిస్తుంది. అనగా కాగితము కేవలము ఆధారము మాత్రమే కాదు. అది వడపోత, వేరుచేయుట, గాఢపరచుట అనే మూడు పనులను ఒకేసారి చేస్తుంది.

రెండవది, సున్నితత్వమును కొలిచే ప్రమాణములు. ఒక పరీక్ష సున్నితమైనదని చెప్పినంత మాత్రాన చాలదు, ఎంత సున్నితమైనదో సంఖ్యలో చెప్పాలి. ఒక చుక్కలో కనీసము ఎన్ని మైక్రోగ్రాముల పదార్థము ఉంటే పరీక్ష ఫలిస్తుందో దానిని గుర్తింపు పరిమితి అన్నాడు. మైక్రోగ్రాము అనగా గ్రాములో పదిలక్షవ వంతు. ద్రావణము ఎంత విలీనమైనా పరీక్ష పనిచేస్తుందో దానిని విలీన పరిమితి అన్నాడు. ఉదాహరణకు డైమిథైల్ గ్లయాక్సైమ్‌తో నికెల్‌ను గుర్తించే బిందు పరీక్షలో గుర్తింపు పరిమితి 0.16 మైక్రోగ్రాము. 0.05 మిల్లీలీటరు చుక్కలో ఇంత నికెల్ ఉన్నదనగా, సుమారు 3 లక్షల పాళ్ళ నీటిలో ఒక పాలు నికెల్ అన్నమాట. ఈ రెండు సంఖ్యలను కలిపి చూస్తే గాని పరీక్ష విలువ తెలియదు.

మూడవది, ఎంపిక గుణము. కొన్ని లోహములతో మాత్రమే చర్య జరిపే కారకమును ఎంపిక గల కారకమనీ, ఇచ్చిన పరిస్థితులలో ఒకే ఒక లోహముతో ఫలితమునిచ్చే చర్యను విశిష్టమైన చర్య అనీ ఫైగల్ విడదీసి చెప్పాడు. విశిష్టత అనేది కారకములో మాత్రమే ఉండదు. ఆమ్లత, మాధ్యమము, తోడు చేర్చే ఇతర పదార్థములు కలిసి దానిని కల్పిస్తాయి. అడ్డుపడే లోహమును బయటకు తీసివేయకుండానే, దానిని వేరొక సమ్మేళనముగా బంధించి నిష్క్రియము చేయవచ్చును. దీనిని ఆచ్ఛాదనము అంటారు. నికెల్ పరీక్షలో అమ్మోనియా చేర్చినప్పుడు ఇనుము గోధుమరంగు హైడ్రాక్సైడుగా విడిపోయి ఎరుపును కప్పివేస్తుంది. ముందుగా టార్టరేటు లవణము కలిపితే ఇనుము ద్రావణములోనే ఉండిపోతుంది, నికెల్ ఎరుపు స్పష్టముగా కనిపిస్తుంది.

సేంద్రియ కారకములలోని ఏ పరమాణు సమూహము ఏ లోహమును పట్టుకుంటుందో కూడా ఫైగల్ పరిశీలించాడు. పక్కపక్కనే రెండు ఆక్సైమ్ సమూహములు ఉన్న పదార్థములు నికెల్‌తో చర్య జరుపుతాయి. వాటిలో ఒక ఆక్సైమ్ స్థానములో ఆల్కహాలు సమూహము వస్తే ఆ పదార్థము రాగిని పట్టుకుంటుంది. ఈ ఆలోచనతోనే ఇతడు 1923లో ఆల్ఫా-బెంజాయిన్ ఆక్సైమ్‌ను రాగికి కారకముగా ప్రవేశపెట్టాడు. అది కుప్రాన్ అనే పేరుతో ప్రసిద్ధి చెందింది. తరువాత ఇతరులు దానిని మాలిబ్డినమ్‌ను వేరుచేయుటకు కూడా వాడారు. రోడనీన్ నుండి తయారైన ఒక కారకము వెండితో ఎర్రని అవక్షేపమునిస్తుందని ఫైగల్ చూపించాడు. ఈ కారకము నీటిలోని సైనైడును వెండి నైట్రేటుతో అంచనా కట్టే పద్ధతిలో సూచికగా స్థిరపడింది.

ఇతర దేశములలో కనుగొన్న కారకములను కూడా ఫైగల్ పరీక్షించి తన పద్ధతిలో చేర్చుకున్నాడు. రాగి, నికెల్, కోబాల్ట్‌లకు రూబియానిక్ ఆమ్లమును కారకముగా 1926లో ప్రవేశపెట్టినవాడు కలకత్తాకు చెందిన ప్రియదారంజన్ రాయ్. కాగితము మీద ఈ కారకముతో రాగి ఆలివ్ ఆకుపచ్చ, నికెల్ నీలము, కోబాల్ట్ గోధుమ వర్ణములనిస్తాయి. ఒకే కాగితము మీద మూడు లోహములను వలయములుగా చూడగలుగుట బిందు విశ్లేషణలో పేరుపొందిన ఉదాహరణలలో ఒకటి.

గ్రంథ రచన

ఫైగల్ తన పరిశోధనలను, ఇతరుల పరిశోధనలను క్రోడీకరించి 1931లో జర్మన్ భాషలో బిందు చర్యల సహాయముతో గుణాత్మక విశ్లేషణ అనే అర్థమిచ్చే శీర్షికతో ఒక గ్రంథము ప్రచురించాడు. అది పలుమార్లు పునర్ముద్రణ పొందింది. ఆంగ్లానువాదము 1937లో వెలువడింది. ప్రతి పరీక్షకు చర్య జరిగే విధానము, చేయవలసిన పని, గుర్తింపు పరిమితి, విలీన పరిమితి, అడ్డుపడే పదార్థములు అనే క్రమము ఈ గ్రంథములో ఉంటుంది. అందువలన ప్రయోగశాలలో పనిచేసేవారు దీనిని వంటల పుస్తకమువలె ముందుంచుకొని వాడుకొనగలిగారు. అయితే ఇది కేవలము పరీక్షల పట్టిక కాదు. ప్రతి చర్య వెనుకనున్న రసాయన కారణమును వివరించడానికి రచయిత ఎక్కువ శ్రద్ధ తీసుకున్నాడు.

నాజీల ఆక్రమణ, ప్రవాసము

1938 మార్చిలో హిట్లర్ సైన్యములు ఆస్ట్రియాను ఆక్రమించి జర్మనీలో కలుపుకున్నాయి. యూదులైన ఆచార్యులను, ఉద్యోగులను విశ్వవిద్యాలయము నుండి తొలగించారు. వారిలో ఫైగల్ ఒకడు. అప్పటికి ఇతనికి 46 సంవత్సరములు. పద్దెనిమిది ఏళ్ళ పరిశోధన, ప్రయోగశాల, శిష్యులు అన్నిటినీ వదలి, రసాయన శాస్త్రవేత్త అయిన భార్య రెజీనాతోను, కుమారునితోను దేశము విడిచాడు. బెల్జియం చేరి గెంట్ నగరములో తన పనిని కొనసాగించడానికి ప్రయత్నించాడు.

ఆ ఆశ్రయము రెండేళ్ళు మాత్రమే నిలిచింది. 1940 మే 10న జర్మనీ బెల్జియం మీద దండెత్తింది. జర్మనీ, ఆస్ట్రియాల నుండి వచ్చిన కాందిశీకులు వేలాదిగా నిర్బంధింపబడి, దక్షిణ ఫ్రాన్సుకు తరలింపబడ్డారు. ఫైగల్ కూడా పెర్పిన్యా ప్రాంతములోని శిబిరములో నిర్బంధములో ఉన్నాడు. ఇటువంటి శిబిరములలో మిగిలిపోయిన యూదులలో అనేకులను 1942 నుండి తూర్పు ఐరోపాలోని మృత్యు శిబిరములకు పంపారు.

ఫ్రాన్సులో బ్రెజిల్ రాయబారిగా ఉన్న లూయిస్ మార్టిన్స్ డి సౌజా డాంటాస్ ఆ కాలములో యూదులకు, ఇతర కాందిశీకులకు వందలాది వీసాలు ఇచ్చాడు. యూదులకు వీసాలు ఇవ్వరాదని బ్రెజిల్ ప్రభుత్వము విధించిన ఆంక్షలను ఇతడు ఉల్లంఘించాడు. అందుకుగాను తరువాత ప్రభుత్వ విచారణను ఎదుర్కొన్నాడు. ఇజ్రాయెల్‌లోని యాద్ వషేమ్ సంస్థ 2003లో ఇతనికి మరణానంతర గౌరవమిచ్చింది. రెజీనా చేసిన ప్రయత్నముల వలన ఫైగల్ కుటుంబమునకు ఆ విధముగా బ్రెజిల్ వీసా లభించింది. వారు 1940 చివరలో రియో డి జనీరో చేరుకున్నారు.

బ్రెజిల్‌లో

బ్రెజిల్‌లో ఫైగల్‌కు వ్యవసాయ మంత్రిత్వ శాఖ అధీనములో ఉన్న ఖనిజోత్పత్తి ప్రయోగశాలలో స్థానము లభించింది. భాష కొత్తది, వాతావరణము కొత్తది. అయినా బిందు విశ్లేషణకు ఖరీదైన పరికరములు అవసరము లేకపోవడము ఇతనికి కలిసివచ్చింది. వియన్నాలో పేదరికపు రోజులలో పుట్టిన పద్ధతి రియోలోను పనికివచ్చింది. ఖనిజములను త్వరగా పరీక్షించవలసిన ప్రయోగశాలకు ఈ విద్య సహజముగానే ఉపయోగపడింది.

అప్పట్లో బ్రెజిల్‌కు కాఫీ మిగులు పెద్ద సమస్యగా ఉండేది. ధరలు పడిపోకుండా ప్రభుత్వము 1931 నుండి 1944 వరకు సుమారు 7.8 కోట్ల బస్తాల కాఫీని తగులబెట్టించింది. యుద్ధకాలములో కాఫీ గింజల నుండి కెఫీన్‌ను పారిశ్రామికముగా తీసే విధానము మీద ఫైగల్ పనిచేశాడు. వ్యర్థముగా పోతున్న పంట నుండి ఔషధ పరిశ్రమకు కావలసిన పదార్థము లభించుటకు ఇది తోడ్పడింది.

ఫైగల్ తన పరిశోధనలను ఆపలేదు. 1942లో సూటర్ అనే సహచరునితో కలిసి సోడియం రోడిజోనేటు ఉపయోగములను వివరించాడు. ఈ కారకము సీసము, బేరియంలతో ఎర్రని వర్ణమునిస్తుంది. తుపాకీ పేలినప్పుడు గుడ్డల మీద, చేతుల మీద పడే సీసపు కణములను గుర్తించుటకు నేర పరిశోధన ప్రయోగశాలలు ఈ పరీక్షను వాడుకున్నాయి. 1949లో విశిష్ట, ఎంపిక గల, సున్నితమైన చర్యల రసాయన శాస్త్రము గురించి ఇతని బృహద్గ్రంథము ఆంగ్లములో వెలువడింది. దీనిని అమెరికా ఆచార్యుడు రాల్ఫ్ ఓస్పర్ అనువదించాడు. బిందు పరీక్షల గ్రంథము కూడా పెరిగి పెరిగి, 1954 నాటికి నిరింద్రియ, సేంద్రియ పదార్థములకు వేర్వేరు సంపుటములుగా విడిపోయింది. ఫైగల్ బ్రెజిల్ పౌరసత్వము స్వీకరించి, అక్కడి విశ్వవిద్యాలయములో బోధించి, ఆ దేశములో విశ్లేషణ రసాయన శాస్త్రము వేళ్ళూనుకొనుటకు కృషిచేశాడు. బ్రెజిల్ విజ్ఞాన శాస్త్ర అకాడమీలో సభ్యుడయ్యాడు.

యురేనియం శుద్ధత - రంగుల పరీక్షలు

ఫైగల్ రియోలో ఉన్న సంవత్సరములలోనే అమెరికాలో అణుశక్తి యుగము ఆరంభమయింది. 1942 డిసెంబరు 2న చికాగోలో మొదటి నియంత్రిత శృంఖల చర్య జరిగింది. దానికి ముందు ఎదురైన ఆటంకములలో యురేనియం శుద్ధత ఒకటి. ఫైగల్ ఆ పథకములో పాల్గొనలేదు. కాని రంగుల పరీక్షలలో ఇతడు స్పష్టపరచిన సూత్రములు అక్కడ ఎదురైన సమస్యకు ఎంత దగ్గరగా ఉన్నాయో తెలుసుకొనుట విద్యార్థులకు ఉపయోగకరము.

సహజ యురేనియంతో నడిచే రియాక్టరులో శృంఖల చర్య కొనసాగాలంటే న్యూట్రాన్లు వృథా కాకూడదు. బోరాన్, కాడ్మియం, గాడోలినియం వంటి మూలకములు న్యూట్రాన్లను విపరీతముగా మింగివేస్తాయి. యురేనియంలో బరువులో పదిలక్షల పాళ్ళకు ఒక పాలు బోరాన్ కలిసినా, యురేనియం తానుగా పీల్చుకొనే న్యూట్రాన్లలో సుమారు 0.2 శాతమునకు సమానమైనన్ని అదనముగా నష్టమవుతాయి. బోరాన్ పరమాణువు యురేనియం పరమాణువు కంటే 22 రెట్లు తేలికైనది కావడము వలన, బరువులో కొద్దిగా ఉన్నా సంఖ్యలో ఎక్కువ పరమాణువులు ఉంటాయి. ఇనుము, నికెల్, క్రోమియం, మాంగనీసు, రాగి వంటివి ఇంత తీవ్రముగా న్యూట్రాన్లను మింగకపోయినా, శుద్ధి సరిగా జరిగిందా, పాత్రల నుండి లోహము కరిగి వచ్చిందా అనేది వాటిని కొలిస్తే తెలుస్తుంది.

ఇక్కడ రెండు చిక్కులున్నాయి. మొదటిది, ఒక గ్రాము యురేనియంలో పదిలక్షవ వంతు మలినమనగా ఒక మైక్రోగ్రాము మాత్రమే. రెండవది, యురేనియం లవణములు తామే పసుపు రంగులో ఉంటాయి. కొన్ని కారకములతో అవి కూడా రంగునిస్తాయి. ఉదాహరణకు పొటాషియం ఫెర్రోసైనైడుతో యురేనియం గోధుమ రంగును, ఇనుము నీలి రంగును, రాగి ఎరుపు గోధుమ రంగును ఇస్తాయి. మూడు లోహములు కలిసి ఉంటే ఏది ఏదో తెలియదు. బిందు పరీక్షలో దీనికి పరిష్కారముంది. ముందుగా పొటాషియం అయోడైడు చుక్క వేస్తే ఇనుము క్షయకరణము చెందుతుంది, రాగి కరగని అయోడైడుగా మారుతుంది. విడుదలైన అయోడిన్ రంగును థయోసల్ఫేటుతో పోగొడితే, ఆ తరువాత ఫెర్రోసైనైడుతో వచ్చే గోధుమ రంగు యురేనియందే. ఇది ఆచ్ఛాదన సూత్రమునకు చక్కని ఉదాహరణ.

మలినములను కొలవవలసినప్పుడు యురేనియంనే ముందుగా తొలగిస్తారు. యురేనియంను నత్రికామ్లములో కరిగిస్తే వచ్చే యురేనైల్ నైట్రేటు ఈథర్‌లోకి చేరుతుంది. ఇనుము, నికెల్, క్రోమియం, మాంగనీసు, రాగి నీటిలోనే మిగిలిపోతాయి. యురేనైల్ నైట్రేటు ఈథర్‌లో కరుగుతుందని 19వ శతాబ్దములోనే తెలుసు. 1942లో సెయింట్ లూయిస్ నగరములోని మాలిన్‌క్రాడ్ సంస్థ టన్నుల కొద్దీ యురేనియంను శుద్ధి చేసినది ఈ ధర్మముతోనే. తరువాతి కాలములో ఈథర్ స్థానములో ట్రైబ్యుటైల్ ఫాస్ఫేటు వాడుకలోకి వచ్చింది. నీటి పొరలో మిగిలిన మలినములకు విడివిడిగా కారకములు చేర్చి రంగు తెప్పిస్తారు. ముఖ్యమైనవి ఇవి:

* ఇనుము - ఆర్థో ఫినాంత్రోలిన్‌తో నారింజ ఎరుపు
* నికెల్ - డైమిథైల్ గ్లయాక్సైమ్‌తో ఎరుపు
* క్రోమియం - డైఫినైల్ కార్బజైడుతో ఊదా
* మాంగనీసు - ఆక్సీకరణము చేస్తే పర్మాంగనేటు ఊదా
* రాగి - డైఇథైల్ డైథయోకార్బమేటుతో పసుపు గోధుమ
* బోరాన్ - పసుపు కొమ్ములలో ఉండే కర్‌క్యుమిన్‌తో ఎరుపు

బోరాన్ పరీక్షకు వాడే కర్‌క్యుమిన్ మన వంటింటి పసుపుకు రంగునిచ్చే పదార్థమే. పసుపుకు సున్నము తగిలితే ఎర్రబడుట అందరూ ఎరిగినదే. అయితే అది క్షారము వలన కలిగే మార్పు. బోరాన్‌తో ఆమ్ల మాధ్యమములో ఏర్పడే ఎరుపు వేరొక సమ్మేళనము వలన వస్తుంది. పసుపు కాగితముతో బోరిక్ ఆమ్లమును గుర్తించుట ఫైగల్ కంటే ముందునుండి ఉన్న పరీక్షయే.

రంగు కనిపించినంత మాత్రాన పరిమాణము తెలియదు. ద్రావణము గుండా పోయే కాంతిలో ఎంత భాగము పీల్చుకోబడినదో స్పెక్ట్రోఫోటోమీటరుతో కొలిచి, తెలిసిన గాఢత గల ప్రామాణిక ద్రావణములతో పోల్చి పరిమాణమును లెక్కిస్తారు. బిందు పరీక్ష ఉన్నదా లేదా అని చెబుతుంది. వర్ణమాపన పద్ధతి ఎంత ఉన్నదో చెబుతుంది. రెండింటికీ కావలసిన కారకము, ఆచ్ఛాదనము, అడ్డంకుల జ్ఞానము మాత్రము ఒకటే. మరొక ముఖ్యమైన జాగ్రత్త కూడా రెండింటికీ సమానము. మైక్రోగ్రాముల స్థాయిలో పనిచేసేటప్పుడు ఆమ్లములలోను, నీటిలోను, గాజు పాత్రలలోను ఉండే మలినములే నమూనాలోని మలినము కంటే ఎక్కువ కావచ్చును. ముఖ్యముగా సాధారణ ప్రయోగశాల గాజులో బోరాన్ ఉంటుంది కనుక బోరాన్ కొలతకు క్వార్ట్జ్ పాత్రలు గాని ప్లాటినం పాత్రలు గాని వాడవలసి వస్తుంది. నమూనా లేకుండా అన్ని కారకములతో చేసే శూన్య పరీక్ష లేనిదే ఫలితమును నమ్మరాదు.

భారతదేశములో ఈ శుద్ధత సమస్యకు తెలుగునాటితో సంబంధముంది. రియాక్టర్లకు కావలసిన యురేనియం ఆక్సైడు ఇంధనమును తయారుచేసే అణు ఇంధన సంస్థ 1971లో హైదరాబాదులో ఏర్పడింది. యురేనియం గని, శుద్ధి కర్మాగారము కడప జిల్లాలోని తుమ్మలపల్లెలో ఉన్నాయి.

బెంజిడీన్ సమస్య, సైనైడ్ పరీక్ష

ఫైగల్ పద్ధతులలో వాడిన కారకములలో బెంజిడీన్ ఒకటి. రాగి లవణముతో కలిపి దీనిని సైనైడు వాయువును గుర్తించుటకు వాడేవారు. కాగితము నీలముగా మారేది. అయితే బెంజిడీన్ మూత్రాశయ క్యాన్సరును కలిగిస్తుందని రంగుల పరిశ్రమలలో పనిచేసిన కార్మికుల అనుభవము వలన రుజువయింది. చాలా సున్నితమైన పరీక్ష అయినా, చేసేవారి ఆరోగ్యమును హరించేది అయితే దానిని మార్చక తప్పదు. 1966లో ఫైగల్ విన్‌జెంజ్ ఆంగర్‌తో కలిసి బెంజిడీన్ లేకుండా అదే పనిచేసే కొత్త కారకమును ప్రకటించాడు. ఇది ఫైగల్-ఆంగర్ పరీక్షగా పేరు పొందింది.

కర్రపెండలము, జొన్న వంటి మొక్కలు నలిగినప్పుడు సైనైడు విడుదల చేస్తాయి. వర్షాభావముతో ఎండిన లేత జొన్న పైరును మేసి పశువులు మరణించుట తెలుగు రైతులకు తెలిసిన ఆపదయే. ఆకు ముక్కల మీద ఫైగల్-ఆంగర్ కాగితమును ఉంచితే, సైనైడు వెలువడే చోట నీలి మచ్చలు ఏర్పడతాయి. ఒకేసారి అనేక మొక్కలను పరీక్షించి, సైనైడు తక్కువగా ఉన్న రకములను ఎంచుకొనుటకు వ్యవసాయ శాస్త్రవేత్తలు దీనిని వాడుతున్నారు.

గౌరవములు, మరణము

1962లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయములో విశ్లేషణ రసాయన శాస్త్రము మీద జరిగిన అంతర్జాతీయ గోష్ఠిని ఫైగల్ గౌరవార్థము నిర్వహించారు. ఆ గోష్ఠి పత్రములు మరుసటి సంవత్సరము గ్రంథరూపములో వెలువడ్డాయి. బ్రెజిల్‌లో రసాయన శాస్త్ర రంగములో ఇతని పేరిట ఒక పురస్కారము ఉన్నది. ఫైగల్ 1971 జనవరి 23న రియో డి జనీరోలో మరణించాడు. నిరింద్రియ పదార్థముల బిందు పరీక్షల గ్రంథము ఆరవ కూర్పు, ఆంగర్ తోడ్పాటుతో, ఇతని మరణానంతరము 1972లో వెలువడింది.

ప్రభావము

1970ల తరువాత ప్లాస్మా ఉద్గార వర్ణపట పద్ధతులు, 1980ల నుండి ప్లాస్మా ద్రవ్యరాశి వర్ణపట పద్ధతులు వచ్చి, ఒకే నమూనాలో పదుల కొద్దీ మూలకములను ఒకేసారి కొలవడము సాధ్యమయింది. యురేనియంలోని మలినముల విశ్లేషణలో కూడా ఈ పరికరములే ముఖ్యస్థానము వహించాయి. అందువలన బిందు పరీక్షలకు ఒకప్పుడున్న ప్రాముఖ్యము తగ్గింది. కాని పరికరములు లేని చోట, గనుల వద్ద, పొలములలో, నేరము జరిగిన స్థలములలో, తాగునీటి పరీక్షలలో ఇవి నిలిచి ఉన్నాయి. రంగు మారే కాగితపు పట్టీలతో నీటిని, మూత్రమును పరీక్షించే విధానములు కూడా ఇదే కోవకు చెందినవి. కళాశాల ప్రయోగశాలలో నికెల్ లవణపు ద్రావణములో డైమిథైల్ గ్లయాక్సైమ్ వేసి ఎరుపు కోసము చూసే విద్యార్థి ఫైగల్ క్రమబద్ధము చేసిన విద్యనే అభ్యసిస్తున్నాడు.

ఇవి కూడా చూడండి

* యురేనియం
* నికెల్
* బోరాన్
* అణు రియాక్టరు
* పసుపు